బొట్టు నిలవని బండి

వైశాఖ మాసం, బుధవారం, పగలు పదిన్నర గంటలు. నా పెళ్లి అప్పగింతల వేళ అది. పంతొమ్మిది వందల అరవై ఎనిమిది అనుకుంటాను. సంవత్సరం తప్పినా గంట తప్పదు. మొన్న మా మనవరాలు కొత్త కారుకి ఏదో పూత వేయించుకొచ్చింది. దాని సీసా నా చేతికిచ్చింది. యాభై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని, కూడబలుక్కుంటూ చదివాను. ఏళ్ల తరబడి నిలుస్తుందట, నీటిచుక్క కూడా అంటదట. ఆ అంటదు అన్న మాట దగ్గర నా వేలు ఆగిపోయింది.

మా అన్నయ్య శృంగవరపుకోటలో ఒక బియ్యం మిల్లు యజమాని దగ్గర కారు డ్రైవరు. నల్ల కారు. ఆ నలుపు మెరవడమే అతనికి లోకం. కొబ్బరినూనె రాస్తే ఎదురుగా బస్సొచ్చి దుమ్ము లేపేదాకానే మెరుపు. బూట్ల పాలిష్ గీతల్ని కప్పుతుంది గానీ మొదటి వానకే నల్లగా కారిపోతుంది. అన్నం తింటూ ఇవన్నీ చెప్పేవాడు. మాకు వేరే గతి లేక వినేవాళ్లం. నా పెళ్లికి కారు వాడుకోమని యజమాని అనగానే, విశాఖ ఓడరేవులో ఎవరినో పట్టుకుని ఓడ దిగిన మైనం డబ్బా సంపాదించాడు. వానాకాలం దాకా దీనికి తిరుగులేదన్నాడు. పాత పంచె ముక్కతో బానెట్టూ తలుపులూ ఎంత రుద్దాడంటే, పెళ్లికూతురు ఇదా, అదా అని మా అమ్మ అడిగింది.

అప్పగింతలయ్యాయి. పదకొండు నుంచి వర్జ్యం. ఆలోపు ఎచ్చెర్ల దగ్గరున్న అత్తవారి ఊరికి కదలాలి. కొత్త జంట ఎక్కేముందు బండికి బొట్టు పెట్టడం మా ఆనవాయితీ. మా అత్తగారు తడి కుంకుమ వేలితో తీసి బానెట్టు మీద పెట్టారు. అది నిలవలేదు. చుక్కలుగా విడిపోయి ఎర్రగా కిందికి జారింది. మళ్లీ పెట్టారు, మళ్లీ జారింది. సన్నాయి ఆగిపోయింది. కొత్త పెళ్లికూతురి ఎదుట బొట్టు జారడమంటే ఏమిటో ఎవరూ నోటితో అనలేదు. అందరూ నా నుదుటి వైపు చూశారు.

“బొట్టు నిలవని బండి నా కోడలు ఎక్కదు. నాకున్నాడొక్కడే కొడుకు,” అన్నారు అత్తగారు.

మా ఆయన గొంతు నేను మొదటిసారి విన్నది అప్పుడే. “నడిసెలిపోదుమే అమ్మా, బండినొగ్గీయే.” బండి వదిలేసి ఎచ్చెర్ల దాకా, యాభై మైళ్లు, నడుస్తారట! ఏడుపులోనే నవ్వొచ్చింది. వేరే బండి కావాలంటే విజయనగరం పోవాలి, ఈలోగా వర్జ్యం వచ్చేస్తుంది. ఈవేళ కదలకపోతే, శకునం మంచిది కాని పిల్ల అనే పేరుతోనే నేను ఆ ఇంటి గడప తొక్కాలి.

మా మేనత్త ముందుకొచ్చి, బానెట్టు మీద అరచెయ్యి రాసి, వాసన చూసింది.

“ఒరే, దీనికేటి రాసినావు?”

“మైనమే అత్తా. వానలొచ్చేదాకా ఉంటాది,” అన్నాడు అన్నయ్య.

“నూనె ముకానికి బొట్టు నిలుస్తాదేటిరా? పిల్లకి పెట్టిన నలుగు పిండి మిగిలున్నాది, పట్రా. కుంకుడు పులుసు కూడా.”

అన్నయ్య మొహం చూడలేకపోయాను. అయినా ఆ పని ఇంకొకరి చేతికివ్వలేదు. తానే బండికి నలుగు పెట్టాడు, కుంకుడు పోశాడు, తుడిచాడు, మళ్లీ పోశాడు. పురోహితుడు ఎండ వైపూ గడియారం వైపూ మార్చి మార్చి చూస్తున్నాడు. తలుపుల మీద నీళ్లు ఇంకా పూసల్లా దొర్లుతున్నాయి. బానెట్టు మీద మాత్రం పరుచుకున్నాయి. మెరుపు పోయి పాత పెనంలా తేలింది. అత్తగారు మళ్లీ వేలు ముంచారు. ఈసారి నిలిచింది.

ఎక్కాం. దారంతా ముందద్దంలోంచి ఆ బొట్టునే చూశాను, గాలికి రాలుతుందేమో, దుమ్ముకి చెరుగుతుందేమో అని. ఆ చూపు ఆ రోజుతో ఆగలేదు. ఆయన సంత నుంచి ఆలస్యంగా వచ్చినా, జ్వరంతో పడుకున్నా, నల్ల రేకు మీద ఆ ఎర్రటి చారే కళ్లకు కట్టేది. అది మైనం పనేనని నాకు ఆవేళే తెలుసు. తెలిసినంత మాత్రాన భయం పోతుందా?

ఆ రోజు అక్కడున్నవాళ్లు: అమ్మ, నాన్న, అన్నయ్య, మేనత్త, అత్తగారు, పురోహితుడు, సన్నాయి ఆయన, డోలు ఆయన, మా ఆయన, నేను. మిగిలింది మేమిద్దరమే. ఆయన పక్కగదిలో దగ్గుతున్నారు. ఆ దగ్గు వినబడినంతసేపూ కూర్చుని రాస్తున్నాను, ఆగితే లేచి వెళ్లి చూసి వస్తున్నాను. ఈ వయసులో నాకు గడియారం అదే.