నేను కట్టించిన గుడి

మా ఆఫీసు ప్రహరీ పక్క ఫుట్‌పాత్ మీద ముక్కు మూసుకోకుండా నడవడం కుదిరేది కాదు. క్యాబ్ డ్రైవర్లు, బైక్ మీద పార్సిళ్లు తెచ్చేవాళ్లు ఆ గోడకేసే నిలబడేవారు. వాళ్లను మాత్రం ఏమనగలం? అన్ని అద్దాల మేడలున్న రోడ్డులో బయటివాళ్లకు ఒక్క మరుగుదొడ్డి లేదు. ఒకటి కట్టించమని మున్సిపల్ ఆఫీసులో అర్జీ ఇచ్చాను.

నెల తిరగకుండానే పని జరిగింది. గోడ పొడవునా దేవుళ్ల టైల్స్ అతికించారు. మూడు మతాలకూ సమానంగా. లౌకిక రాజ్యాన్ని మోకాలి ఎత్తున చూడటం నాకదే మొదలు.

వెళ్లి అడిగాను.

"వాసన పోయిందా లేదా సార్?" అన్నాడు అధికారి.

"పోయిందండీ. నేనడిగింది మరుగుదొడ్డి కదా."

"వాసనే పోయినంక ఇగ పరేషాన్ ఎందుకు?"

నేను నాస్తికుణ్ణి. అయినా, దేవుణ్ణి జీతం లేని కాపలాకు పెట్టినందుకు ఆయన తరఫున నాకే మనసు చివుక్కుమంది.

తర్వాత ఒక టైల్‌కు దండ పడింది. దీపం వచ్చింది, రేకుల షెడ్డు వచ్చింది, హుండీ, మైకు వచ్చాయి. మిగతా మతాల టైల్స్ షెడ్డు వెనక్కి వెళ్లాయి. ఫుట్‌పాత్ పోయింది. మేం బస్సుల మధ్య నడవసాగాం.

ఏడాది తిరిగాక గుడి వార్షికోత్సవానికి రమ్మని కమిటీ అధ్యక్షుడు స్వయంగా వచ్చాడు. ఎదురుగా టీ కొట్టు ఆయనదే. "నువ్వు అర్జీ పెట్టకుంటే స్వామి ఈడికి వచ్చేటోడా అన్నా?" అన్నాడు. ఆ రోజు వేదిక మీద అదే మున్సిపల్ అధికారి చేతుల మీదుగా శాలువా కప్పించి మైకు ఇచ్చారు.

"నేను దేవుణ్ణి నమ్మనండి. అడిగింది మరుగుదొడ్డి," అన్నాను.

నా వినయానికి జనం చప్పట్లు కొట్టారు.

దిగి వస్తుంటే ఆ రోడ్డు ఊడ్చే ఆమె ఆపింది. "మగోళ్లు ఇంకో గోడ చూసుకున్నరు సార్. మా ఆడోళ్ల సంగతేంది? గందుకే పొద్దుగాల్నుంచి నీళ్లే తాగం."

నా ముక్కు గురించే అర్జీ రాశానని అప్పుడు తెలిసి సిగ్గేసింది. మర్నాడే ఇంకో అర్జీ ఇచ్చాను. జవాబు తొందరగానే వచ్చింది: గుడి సమీపంలో మరుగుదొడ్డి కడితే భక్తుల మనోభావాలు దెబ్బతింటాయి.

ఇక మా ఆఫీసువాళ్ల వెంట పడ్డాను. మూడు వారాలు బతిమాలితే కింది అంతస్తు బాత్రూము రోడ్డు ఊడ్చేవాళ్లు వాడుకోవచ్చన్నారు. ఇప్పుడు ముగ్గురు వస్తున్నారు. విజిటర్ల రిజిస్టరులో 'వచ్చిన పని' అన్న చోట ఏం రాయాలో తోచక, గేటు దగ్గరి గార్డు రోజూ 'మీటింగ్' అని రాస్తున్నాడు.