జడ కోసం దాచిన మొహం

నా మొదటి కాన్పులో నేను వెలగబెట్టిన ఘనకార్యం వింటే, ఇలాంటిదాని చేతికి పసిబిడ్డనెవరిచ్చారని మీరే ముక్కున వేలేసుకుంటారు.

ఎనభైల మొదట్లో, పురిటికి వరంగల్ నుంచి నెక్కొండలో అమ్మ దగ్గరికి వచ్చాను. కడుపుతో ఉన్నన్నాళ్లూ నా జుట్టు ఒక్క వెంట్రుక రాలితే ఒట్టు! జడ పిడికిట్లో పట్టేది కాదు. నన్ను అద్దం ముందు నుంచి లేపలేక అమ్మ గొంతు పోయేది.

బాబుకు రెండు నెలలు నిండాక పక్కింటి మల్లమ్మ పెద్దమ్మ వచ్చి, నా జడను తూకం వేస్తున్నట్టు ఎత్తి చూసింది.

"మురువకు బిడ్డా. పోరడు నీ మొకం గుర్తువట్టి నవ్విండంటే ఇదంత ఊడుతది."

"గుర్తువట్టకుంటే?"

"తల్లిని గుర్తువట్టకుంట ఉంటడానే!"

ఎందుకుంటాడు, నేను ఉంచుతానుగా! ఆ పూట నుంచే మొహం మీద కొంగు కప్పుకుని పాలివ్వసాగాను.

"గదేందే, దొంగ లెక్క?" అంది అమ్మ.

"నాకు దుమ్ము పడ్తలేదమ్మా."

"నేను రెండుసార్లు ఊడ్సిన ఇంట్ల దుమ్మెక్కడిదే?" అని అలిగి మూడోసారి ఊడ్చింది.

కొన్నాళ్లకు బాబు నవ్వాడు, అమ్మను చూసి. మర్నాడు పెద్దమ్మను చూసి. ఆ తర్వాత పాలాయనను చూసి కూడా! నా కడుపు రగిలిపోయింది. జడ పోతే పోయిందని కొంగు లాగేసి వాడి మీదికి వంగాను. వాడు నన్ను ఎగాదిగా చూసి, ఎవరో ఎత్తుకుపోతున్నట్టు గుక్కపట్టి ఏడ్చాడు. నాకూ నిజంగానే ఏడుపొచ్చింది.

కథంతా అమ్మ ముందు కక్కేశాను. పైగా ఇంత దాచినా వారం నుంచి దువ్వెన నిండా వెంట్రుకలే వస్తున్నాయని చెప్పాను. అమ్మ పడీపడీ నవ్వి, నన్ను దవాఖానకు తీసుకుపోయింది.

"కడుపుతోని ఉన్నప్పుడు రాలకుంట ఆగిన ఎంటికలు, కాన్పైనంక ఒక్కపారే రాలుతయి. మళ్ల వస్తయి, ఫికర్ చెయ్యకు," అంది డాక్టరమ్మ. నా కంటి రెప్ప లాగి చూసి, "గాని నీకు నెత్తురు తక్కువున్నట్టుంది. పరీక్ష రాస్త. జడ కాదు, జర తిండి చూసుకో!" అని కసిరింది.

ఇంటికొచ్చి, భయం భయంగా మళ్లీ కొంగు కప్పుకుని, మెల్లగా కిందికి దించాను. బాబు కళ్లు పెద్దవి చేసి చూశాడు. కిలకిలా నవ్వాడు! నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ముద్దు పెట్టుకోబోతే వాడు నా జుట్టు గుప్పిట పట్టి లాగాడు. గుప్పెడూ ఊడి వాడి చేతికే వచ్చింది.

సరిగ్గా అప్పుడే గడపలోకి వచ్చిన పెద్దమ్మ అంది: "నేను చెప్పలే?"

అందుచేత, పాఠకులారా, మీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నా తల గుండైనా సరే, కన్నబిడ్డ ముందు ఈ జన్మలో ముసుగు వేయను.