దొంగకు మూట కట్టిన ఇంటివాళ్లు

హైటెక్ సిటీలో బొమ్మల సినిమాలు తీసే ఒక చిన్న కంపెనీలో నేను కథలు రాస్తాను. టీ దగ్గర అల్లుతాను కూడా. రోజూ బోరబండలో లోకల్ రైలెక్కి హైటెక్ సిటీలో దిగే నెమలి గురించి చెబితే, మా మేనేజరు మర్నాడే కెమెరా పట్టుకుని స్టేషన్‌కు పోయాడు. అలాంటి మనిషి, నా నోట వచ్చిన ఒకే ఒక్క నిజాన్ని కత్తిరించి పారేశాడు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఒక పరిశోధనశాల వాళ్లు బడిపిల్లలకు చూపడానికి రెట్రోవైరస్ మీద సినిమా అడిగారు. అక్కడి డాక్టరమ్మ ఓపికగా విడమరచి చెప్పారు. వైరస్ మన కణంలో దూరి తన జన్యువును కణం జన్యువులో కలిపేస్తుంది. ఇక కణమే దానికి ఆర్‌ఎన్‌ఏ ప్రతులు తయారుచేసి పెడుతుంది. అప్పటికే అక్కడ కణం సొంత ఆర్‌ఎన్‌ఏ కిక్కిరిసి ఉంటుంది. అందులోంచి తన ప్రతులు ఏరి మూట కట్టుకుంటేనే కొత్త వైరస్ బయటపడేది. ఏరేది వైరస్ ప్రోటీనే. కానీ పక్కన నిలబడి చేతికందించే వాటిలో మన కణం ప్రోటీన్లూ ఉంటాయి.

"వాటిలో ఒకదాని వెంటే నా వయసంతా పోయిందండి," అన్నారావిడ. "ఆ సాయం ఆపగలిగితే వైరస్ ఖాళీ సంచితో పోతుంది. మా అత్తగారు నేనక్కడ సీసాలు కడుగుతాననుకుంటారు. సినిమాకి వస్తున్నారు. ఆ ముక్క మాత్రం ఉంచండి."

మాటిచ్చాను. కణాన్ని ఇల్లుగా, వైరస్‌ను దొంగగా రాశాను.

"దొంగకు ఇంటోళ్లే మూట గడ్తరా అన్నా?" అన్నాడు మేనేజరు. "జర నమ్మేటట్టు రాయి."

"డాక్టరమ్మ చెప్పిందే రాసిన. నెమలి ముచ్చట నమ్మినవ్ గద?"

"నెమలి వేరే. రైలు ఎవలైన ఎక్కుతరు."

ఇంటివాళ్లను తీసేశాడు. నేను ఫోన్ చేసి, పిల్లలకు చూపకముందే ఒకసారి వచ్చి చూడమని డాక్టరమ్మను పిలిచాను. తెర మీద వైరస్ ఒంటరి వీరుడిలా, వెనక డోలు మోగుతుంటే, మూట తానే కట్టుకుంది. ఆవిడ కుర్చీలోంచి లేచి తెర దగ్గరకు వచ్చారు.

"మా ప్రోటీన్ ఏదండీ?"

మేనేజరు నావైపు వేలు చూపించాడు. "అన్న మర్చిపోయిండు మేడం."

 అబద్ధాలాడటంలో నాకే పాఠం చెబుతున్నాడు. తీసేసిన బొమ్మలు కంప్యూటర్లోనే ఉన్నాయి. అప్పటికప్పుడు తెర మీద వేయించాను. ఇంటి కోడలొకతె గడప దగ్గర నిలబడి దొంగకు తాడు అందించింది.

"ఇదేనండి," అన్నారు డాక్టరమ్మ, కళ్లద్దాలు తుడుచుకుంటూ. "మా అత్తగారికి అర్థమవుతుంది."

ఇంటివాళ్లు సినిమాలోకి తిరిగొచ్చారు. ఆ ఒక్క నిజానికి సాక్షిగా ఒక డాక్టరు దిగి రావలసి వచ్చింది. నెమలికి ఎవరూ అక్కర్లేకపోయింది.

సాయంత్రం టీ దగ్గర మేనేజరు మెల్లగా నా పక్కన చేరాడు.

"అన్నా, గా నెమలి ఆదివారం గూడ వస్తదా?"

ఆదివారం దానికి సెలవని చెప్పాను.