తాడు విప్పించిన సిస్టరమ్మ

మా హెడ్ సిస్టర్ పోయారన్న కబురు పొద్దున్న డ్యూటీ మారే వేళ తెలిసింది. ఫోన్ చేసిన ఆవిడ కూతురు, "అమ్మ నిద్రలోనే వెళ్ళిపోయిందక్కా" అంది. ఆ మాట వార్డులో చెబితే, ఇంజెక్షన్లు సర్దుకుంటున్న కొత్త అమ్మాయిలకు ఆవిడెవరో తెలియలేదు. రిటైరై కొన్నేళ్ళయింది మరి. అయినా మనసు చివుక్కుమంది. అందుకే ఇది రాస్తున్నాను.

శ్రీకాకుళం జిల్లాలో మేం పనిచేసిన ఆసుపత్రికి దెబ్బలతో వచ్చేవాళ్ళలో ముసలివాళ్ళు, మతి స్థిమితం లేనివాళ్ళు, ఇంటివాళ్ళ మీదే ఆధారపడి బతికేవాళ్ళు ఉండేవారు. ఏమయిందని అడిగితే "పడిపోయాను" అనేవారు. మేం కట్టు కట్టి పంపేసేవాళ్ళం. హెడ్ సిస్టర్ పంపనిచ్చేవారు కాదు. వెంట వచ్చినవాళ్ళని ఏదో పని మీద బయటికి పంపి, స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చునేవారు. దెబ్బ సంగతి ముందు ఎత్తేవారు కాదు. ఏం తిన్నావు, ఇంట్లో ఎక్కడ పడుకుంటావు అని మొదలుపెట్టేవారు. కొత్తలో నేను కేస్ షీటు పట్టుకుని ప్రశ్నలు వేస్తుంటే పక్కకి పిలిచి, "నిలబడి అడిగితే పోలీసోళ్ళలాగుంటాది. కూకొని అడగవే" అన్నారు. డాక్టర్ల దగ్గర ఎలా మాట్లాడినా, మాతోనూ రోగులతోనూ ఆవిడది ఊరి మాటే.

ఒకసారి కళింగపట్నం దగ్గరి పల్లె నుంచి ముప్పై దాటిన మనిషిని అతని తల్లీ అన్నా తీసుకొచ్చారు. ఒళ్ళు పెరిగినా బుద్ధి పసివాడిదే. తల్లి "సిన్నోడా" అని పిలిచేది. ఒక చీలమండ చుట్టూ పుండు పడి చీము పట్టింది. వల తాడు చుట్టుకుందని అన్న చెప్పాడు. ఒక్కసారి తాడు చుట్టుకుంటే కాలు అలా ఒరుసుకుపోదని నాకూ తెలిసింది. హెడ్ సిస్టర్ అన్నని మందులకి పంపి తల్లి పక్కన కూర్చున్నారు. ఆమె కొంగు నలుపుకుంటూ చెప్పింది.

"కట్టకపోతే గంగలోకెలిపోతాడమ్మా. ఆళ్ళయ్య ఏటకెల్లి తిరిగి రానేదు. ఆయన్ని ఎతుక్కుంటాడు. నాను సేపలమ్మడానికెల్తే ఈణ్ణెవులు సూస్తారు?"

ఆ పల్లెల్లో సముద్రాన్ని గంగ అంటారు, చేపలు పట్టబోవడాన్ని వేట అంటారు. పోలీసులకి చెప్పాల్సిందేనన్నారు డ్యూటీ డాక్టరు. హెడ్ సిస్టర్ దాచమనలేదు, కేస్ షీటులో ఉన్నదున్నట్టు రాయించారు. అయితే అన్నని స్టేషన్లో కూర్చోబెడితే వేటకెళ్ళే మనిషి ఉండడనీ, సిన్నోడి కాలికి మళ్ళీ ఇంకో తాడు పడుతుందనీ ఆయనకి నచ్చజెప్పి, పోలీసులకి కబురు పంపడం ఆపించారు. పుండు మానేదాకా వార్డులోనే ఉంచారు. తర్వాత ఒక సెలవురోజున నన్ను వెంటబెట్టుకుని బస్సులో ఆ పల్లెకి వెళ్ళారు. చేపలు ఎండబెట్టే ఆడవాళ్ళ మధ్య ఇసకలో చతికిలబడి, వంతులవారీగా వాణ్ణి కనిపెట్టుకుని ఉంటామని వాళ్ళచేత అనిపించారు. చేపలు తిరగేసే పని వాడికి అప్పగించారు. వాణ్ణి కట్టేసే గుంజకున్న తాడు అన్నే విప్పాడు.

ఏడాదికి పైగా వాడు ఆ తీరమంతా తిరిగాడు. వీలు చిక్కినప్పుడల్లా ఆవిడ వెళ్ళి చూసొచ్చేవారు. ఆ తర్వాతి వానల్లో, ఒక తెల్లవారుజామున తల్లి లేచేసరికి వాడు పక్కన లేడు. మర్నాడు సముద్రం వాణ్ణి ఒడ్డుకి తెచ్చింది.

మేం వెళ్తే అన్న మాతో మాట్లాడలేదు. తల్లి మాత్రం "నాను నిద్దరోనానమ్మా" అని, తను నిద్రపోవడమే తప్పన్నట్టు అదే మాట అంటోంది. హెడ్ సిస్టర్ ఆమె చేతులు పట్టుకుని, అన్నకి కూడా వినబడేలా, "నీ తప్పేటీ నేదమ్మా. ఇప్పమన్నది నాను" అన్నారు. అన్న తలెత్తి చూశాడు. మళ్ళీ దించేసుకున్నాడు. అంతకన్నా నాలుగు తిట్టినా బాగుండేదని తిరుగు బస్సులో నాకనిపించింది. ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు, ఊరొచ్చేదాకా ముఖం ఇటు తిప్పలేదు.

కొన్నాళ్ళకి ఉండబట్టలేక ఆవిడని అడిగాను, అలాంటివాళ్ళు మళ్ళీ వస్తే ఏం చెబుతారని.

"ఇప్పమనే సెప్తాను. సెప్పి, ఇంటికెల్లి నిద్దరపోనేను. అంతే."

అలాగే చెప్పారు, రిటైరయ్యేదాకా. అత్తని పశువుల సాలలో పడుకోబెట్టిన కోడలికి చెప్పారు. పక్షవాతం వచ్చిన భర్తకి తిండి తగ్గించిన ఇల్లాలికి చెప్పారు. కొందరు విన్నారు. వినని ఇళ్ళకి మళ్ళీ మళ్ళీ వెళ్ళారు. ఆ పల్లెకి కూడా వెళ్ళడం మానలేదు. అన్న ఆవిడతో మాట కలిపాడో లేదో నాకెప్పుడూ చెప్పలేదు, నేను అడగలేదు.

మొన్న ఆవిడని సాగనంపి వచ్చాక, సిన్నోడు బతికున్న రోజుల్లోని ఒక సాయంత్రమే కళ్ళముందు మెదులుతోంది. వాడు ఆవిడ చెయ్యి పట్టుకుని నీళ్ళ దాకా లాక్కెళ్ళాడు. ఆవిడ వెనక్కి లాగలేదు. ఒక చేత్తో కుచ్చిళ్ళు ఎత్తిపట్టి, రెండో చేత్తో వాడి మణికట్టు పట్టుకుని నిలబడ్డారు. అలలు వచ్చి ఇద్దరి పాదాల కింద ఇసకని లాగేస్తున్నాయి. వాడు నవ్వుతూ దూరంగా వెళ్ళే పడవలు చూపిస్తున్నాడు. ఆవిడ ఒక్కో పడవనీ శ్రద్ధగా చూసి, తలూపుతున్నారు.