చివరి నాలుగు గళ్ళు

వాచీలు బాగుచేసే ఆయన దుకాణం తెరవగానే కంటికి భూతద్దం తగిలించుకుంటాడు. అయితే దానితో ముందు చూసేది వాచీని కాదు, పేపర్లో గళ్ళనుడికట్టుని. పెన్నుతోనే నింపుతాడు, కొట్టివేత ఆయనకి తలవంపు. వియ్యంకుడు, రిటైరైన తెలుగు మాస్టారు, అవే గళ్ళు తన ఇంట్లో నింపుతుంటారు. ముందు పూర్తిచేసినవాడు రెండోవాడికి మిస్డ్ కాల్ ఇవ్వాలి. పదకొండు రోజులుగా ఈయన ఫోనే మోగుతోంది. భార్య దానికి ఓటమి గంట అని పేరు పెట్టింది.

ఇవాళ ఒక్క ఆధారం మిగిలింది: 'చిన్న కుండలో పుట్టి గోడెక్కింది.' నాలుగక్షరాలు. బల్లికి రెండే, సాలీడుకి మూడే. పట్టకారులో వాచీ ముల్లు అలాగే ఉండిపోయింది. చిన్న కుండంటే ఘటిక. పూర్వం నీళ్ళకుండతో కాలం కొలిచేవారు. ఆ ఘటికే గడియైంది! స్టూలు వెనక్కి పడేలా లేచాడు. గోడనిండా ముప్ఫై గడియారాలు ఆయన్నే చూస్తున్నాయి. గళ్ళు నింపి మిస్డ్ కాల్ కొడితే, అవతల ఫోనెత్తేశారు.

"ఆ కుండ సంగతి అంతుపట్టలేదు బావగారూ, కాస్త చెబుదురూ."

"చెబుతా గానీ, ముందు మీ గోడమీద టైమెంతైందో చూడండి."

"పదీ ఇరవై," అన్నారు మాస్టారు, ఇంకా కుండ గురించే ఆలోచిస్తూ.