దించుకోని పెట్టె

మొన్న ఆదివారం సాయంత్రం మా అమ్మాయి హాల్లో సూట్‌కేసు తెరిచిపెట్టుకుని, వచ్చే వారం స్నేహితురాలితో వెళ్లబోయే స్విట్జర్లాండ్ ప్రయాణానికి బట్టలు సర్దుకుంటూ ఉంటే, ఊరికే చూస్తూ కూర్చోలేని నా గుణం కొద్దీ, అంత బరువు పెట్టుకోకు, అక్కడ రైలు మారినప్పుడల్లా నువ్వే మోసుకోవాలి అని హెచ్చరించాను. అది ఫోన్‌లోంచి తలెత్తకుండానే, సింగపూర్ పిల్లల యాసలో, "నో నీడ్ టు క్యారీ లా, అమ్మా. స్టేషన్‌లో ఇచ్చేస్తే వాళ్లే హోటల్‌కి పంపిస్తారు" అంది. ఏ రైల్లో ఏ పెట్టె ఎక్కడికి పోతుందో కూడా ఫోన్‌లో చూపించింది. బాగానే ఉందే అన్నాను గానీ, వంటింట్లోకి వెళ్లి స్టవ్ మీద ఏమీ లేకపోయినా కాసేపు అక్కడే నిలబడ్డాను. ఇరవై ఏడేళ్ల కిందట అదే దేశంలో, ఒక రైలుపెట్టె గుమ్మం దగ్గర, చేతిలో సూట్‌కేసు పిడి పట్టుకుని నిలబడ్డ రెండు నిమిషాలు నాకు ఇప్పటికీ పూర్తిగా గడిచిపోలేదు.

అప్పటికి నాకు పెళ్లయి నాలుగేళ్లు. కాకినాడ నుంచి సింగపూర్ వచ్చి, సైన్స్ పార్క్‌లో ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం చేస్తున్నాను. మా వారి తల్లివైపు తాతగారు ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవారు కాబట్టి, మా అత్తగారు సింగపూర్‌లోనే పుట్టి పెరిగారు. ఆవిడ తెలుగులో మలాయ్ మాటా తమిళ మాటా కలిసిపోయి ఉండేవి. సామానుని ఎప్పుడూ సామాను అనేవారు కాదు, బారాంగ్ అనేవారు. కొత్తలో నేను మా ఊరి తెలుగు గొప్పదనుకుని లోలోపల నవ్వుకునేదాన్ని. ఇప్పుడు నా నోట్లోంచీ అదే మాట వస్తుందనుకోండి, అది వేరే సంగతి. ఒక స్కూలు క్యాంటీన్‌లో ముప్పై ఏళ్లు స్టాల్ నడిపిన మనిషి ఆవిడ. మాట్లాడేది తక్కువ, మాట్లాడితే మాత్రం తిరుగుండేది కాదు.

ఈ ప్రయాణం అసలు మా మామగారిది. ఓడరేవులో పనిచేసే ఆయనకి ఎవరో ఇచ్చిన క్యాలెండర్‌లో ఒక మంచుకొండ బొమ్మ ఉండేదట, సంవత్సరం అయిపోయినా ఆ కాగితాన్ని గోడమీంచి తీయనివ్వలేదట. రిటైరయ్యాక అక్కడికి వెళ్దామని, ఈ ఉక్కపోత ఊళ్లో ఎందుకూ పనికిరాని ఒక మందపాటి ఉన్నికోటు కొని, నాఫ్తలీన్ ఉండలు వేసి, తన గోధుమరంగు పెట్టెలో దాచుకున్నారు. రిటైరైన ఏడాదే పోయారు. ఆ కోటు తాను తొడుక్కుని ఆ కొండ మీద ఒక్కసారి నిలబడాలన్నది మా అత్తగారి కోరిక. ఆవిడ నోరు తెరిచి అడిగిన కోరిక నేనెరిగి అదొక్కటే.

ఇక్కడ మరొక విషయం చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. ఆ ముందు సంవత్సరం మేం ఊళ్లోనే జురాంగ్ ఈస్ట్ నుంచి బిషాన్‌కి ఇల్లు మారాం. అప్పుడు నాకు మూడో నెల. సంతోషం పట్టలేక కాకినాడలోనూ ఇక్కడా తెలిసినవాళ్లందరికీ చెప్పేసుకున్నాను. ఇల్లు మారే రోజు ఎవరు వద్దన్నా వినకుండా నాలుగైదు అట్టపెట్టెలు నేనే ఎత్తి సర్దాను. వారం తిరగకుండా అది పోయింది. పెట్టెలు ఎత్తడానికీ దీనికీ సంబంధం లేదని డాక్టరు ఒకటికి రెండుసార్లు చెప్పింది. అయితే ఆసుపత్రిలో నా మంచం కాళ్ల దగ్గర నిలబడి మా అత్తగారు, "నీకెందుకమ్మా ఆ బారాంగ్ ఎత్తే పని? ఎవరు ఎత్తమన్నారు నిన్ను?" అన్నారు. అంతే. మళ్లీ ఎప్పుడూ ఎత్తిచూపలేదు. కానీ డాక్టరు మాట ఆ గుమ్మం దాటకముందే మరిచిపోయాను, ఈ మాట మాత్రం పక్కలో పడుకున్నా, ఆఫీసులో కూర్చున్నా నాతోనే ఉండేది. దాంతో ఆవిడకీ నాకూ మధ్య ఒక మర్యాద ఏర్పడిపోయింది, మనసులు విరిగినవాళ్ల మధ్య ఉండే మర్యాద.

ప్రయాణం జూన్ నెలలో అనుకున్నాం, ముగ్గురం వెళ్లాలి. రెండు రోజుల ముందు మా వారికి బ్యాంకులో సెలవు రద్దు చేశారు. అంతకు ముందు గురువారమే నాకు మళ్లీ నెల తప్పిన సంగతి ఖాయమైంది. ఈసారి ఎవరికీ చెప్పలేదు, మా వారికి కూడా. చెబితే ప్రయాణం ఆగిపోతుంది, ఆగితే కారణం చెప్పాలి, కారణం చెప్పాక మళ్లీ ఏమైనా అయితే అన్ని ముఖాలకీ మళ్లీ జవాబు చెప్పుకోవాలి. ఇప్పుడు తలుచుకుంటే ఎంత తెలివితక్కువ లెక్కో అనిపిస్తుంది, మన రోజుల్లో ఆడవాళ్లు ఇలాంటి లెక్కలెన్ని వేసుకునేవాళ్లో మీకు తెలియనిది కాదు. ఏ బరువూ ఎత్తకుండా వెళ్లి వచ్చేస్తే చాలనుకున్నాను. నడుం పట్టేసిందని అబద్ధం చెప్పాను.

సూట్‌కేసులు రెండు. నాది నీలం రంగుది, కొత్తది, కింద చక్రాలుండేవి. రెండోది మామగారి గోధుమరంగు పెట్టె, చక్రాలు లేవు, ఖాళీగా ఉన్నప్పుడే బరువు. దిగిన విమానాశ్రయం నుంచి కొండ కింద ఊరికి మూడు రైళ్లు మారాలి. మారడానికి ఒకచోట ఆరు నిమిషాలు, ఒకచోట అయిదు. అంతకుముందు సింగపూర్ రైళ్లలో నేల మీంచి నేల మీదికి అడుగేసినట్టు ఎక్కి దిగడమే గానీ, ఇలా మెట్లెక్కి లోపలికి సామాను లాగాల్సి వస్తుందని మాకు తెలియదు. అరవై ఒక్కేళ్ల మనిషి, చీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టి, ఆ పెట్టెని తొడ మీద ఆనించి పైకి నెడుతుంటే, పక్కన చేతులు ముడుచుకుని నిలబడ్డాను నేను. చూసేవాళ్లు ఏమనుకున్నారో ఏమో. ఆవిడ ఒక్కసారి కూడా నా నడుం సంగతి అడగలేదు. అడగకపోవడమే నాకు మరీ భయంగా ఉండేది.

మూడో రైలు కొండల్లోకి వెళ్లేది, జనంతో కిటకిటలాడుతోంది. కొండలెక్కే బూట్లేసుకున్న ఒకాయన దయతలచి మా పెట్టెలు రెండూ చివరి బోగీలో ఎక్కించి, తాను వేరే బోగీకి వెళ్లిపోయాడు. ఆ బోగీలో కిటికీ పక్కన చోటు లేదు. అప్పుడు మా అత్తగారు హాకర్ సెంటర్‌లో తినేముందు టిష్యూ పొట్లం పెట్టి టేబుల్ పట్టుకునే అలవాటు కొద్దీ, ముందు బోగీల్లో కొండ కనిపించే సీట్లు చోప్ చేస్తాను, రైలు కదిలాక నువ్వు లోపల్లోపలే నడిచి రా, బారాంగ్ ఇక్కడే ఉండనీ, ఎవరు తీస్తారు అని చెప్పి, చేతిలో టిష్యూ పొట్లం, గొడుగూ పట్టుకుని ప్లాట్‌ఫారం మీద ముందుకు నడిచారు. నాకూ అందులో తప్పేమీ తోచలేదు. సింగపూర్‌లో రైలు ఈ కొస నుంచి ఆ కొసదాకా ఒకటే పొడుగాటి గది కదా. రైలు కదిలాక లేచి చూస్తే మా బోగీ ముందు తలుపు తాళం వేసి ఉంది. సరే, దిగేచోట కలుసుకుంటాంలే అని సర్దిచెప్పుకున్నాను.

పావుగంట తర్వాత చెట్ల మధ్య ఒక చిన్న స్టేషన్‌లో రైలు ఆగింది. నాకు అర్థం కాని భాషలో ఏదో ప్రకటన వచ్చింది. బోగీలో సగం మంది దిగి ముందు వైపుకి వెళ్లిపోయారు. టికెట్లు చూసే ఆవిడ వచ్చి నా పాస్ చూసి, ఇంగ్లీషులో మెల్లగా, ఈ రైలు ఇక్కడ రెండుగా విడిపోతుంది, ముందు సగం మీ ఊరికి, ఈ సగం పక్క లోయకి, మీరు దిగాలి, రెండు నిమిషాలు అని చెప్పి తర్వాతి బోగీకి వెళ్లిపోయింది. పాస్‌పోర్టులు, టికెట్లు, డబ్బు, హోటల్ చిరునామా అన్నీ నా హ్యాండ్‌బ్యాగ్‌లోనే. ఆవిడ దగ్గర గొడుగు, టిష్యూలు. ఫోన్ ఇద్దరికీ లేదు. బోగీలో మిగిలింది ఊతకర్రలతో ఒక ముసలి జంట, నిద్రపోతున్న పిల్లతో ఒక తల్లి.

మామగారి పెట్టె పిడి పట్టుకున్నాను. గుమ్మం దాకా ఈడ్చాను కూడా. కింద మూడు మెట్లు, ఆ కింద ప్లాట్‌ఫారం, దాని మీద ఒక్క మనిషి లేడు. ఎత్తితే ఒక్క క్షణం పని. పొత్తికడుపులో నొప్పేమీ లేకపోయినా ఏదో లాగినట్టనిపించింది. ఆసుపత్రిలో విన్న మాట చెవిలో మోగింది. ఇది ఎత్తి, రేపు ఏమైనా అయితే ఎవరితో ఏం చెప్పను? ఎత్తకుండా దిగితే, ఆయన కోటు ఏదని అడిగే మనిషికి ఏం చెప్పను? తలుపు మూయబోతున్నట్టు గంట మోగింది. పిడి వదిలేశాను. హ్యాండ్‌బ్యాగ్ గుండెకి అదుముకుని మెట్లు దిగాను. నేను ముందు వైపు పరుగు లాంటి నడక నడిచేసరికే ముందు సగం కదిలిపోయింది. ఆ వెంటనే వెనక సగం కూడా, తెరిచిన గుమ్మంలో కనిపించిన ఆ గోధుమరంగు పెట్టె మీద తలుపు మూసుకుని, పక్క లోయలోకి వెళ్లిపోయింది.

మరో రైలు అరగంటకి. ఆ అరగంట బెంచీ మీద కూర్చుని నేను ఏడవను కూడా లేదు. ఆవిడ టికెట్ లేకుండా ఎక్కడ దిగారో, ఎవరు ఏమడిగారో, అసలు దిగారో లేదో అన్న ఆలోచనలు ఒకదాని మీద ఒకటి పడుతుంటే, నా కడుపు కోసం ఒక ముసలి మనిషిని దారి తెలియని దేశంలో వదిలేశానే అని నన్ను నేనే తిట్టుకున్నాను. అదే సమయంలో, సిగ్గు విడిచి చెబుతున్నాను, ఎత్తలేదు, ఎత్తలేదు అని లోపల ఒక ధైర్యం కూడా ఉంది.

దిగేసరికి ఆవిడ ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద, గొడుగు ఒళ్లో పెట్టుకుని, తెరుచుకునే ప్రతి తలుపూ చూస్తూ కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేచారు. నా రెండు చేతులూ చూశారు.

"బారాంగ్ ఏదీ?"

"రైల్లోనే వదిలేశాను అత్తయ్యా. ఎత్తలేకపోయాను."

ఆవిడ చాలాసేపు నా ముఖంలోకి చూశారు. తిడితే బాగుండుననిపించింది.

"ఎన్నో నెల?" అన్నారు.

రెండో నెల అని చెప్పాను. నా భుజానికి ఉన్న హ్యాండ్‌బ్యాగ్ తీసి తన భుజానికి తగిలించుకుని, నేరుగా స్టేషన్ కౌంటర్ దగ్గరికి నడిచి, క్యాంటీన్ ఇంగ్లీషులో రెండు పెట్టెలు, ఒకటి నీలం, ఒకటి గోధుమరంగు అని రాయించారు. మర్నాడు నీలం పెట్టె వచ్చింది. రెండోది రాలేదు. ఎవరైనా తమదనుకుని పొరపాటున దించుకున్నారో ఏమో, తర్వాత ఉత్తరాలు రాసినా ఆచూకీ తెలియలేదు. ఉన్న నాలుగు రోజులూ ఆవిడ కొండ మీదికి రానన్నారు. అంత ఎత్తు నీకు మంచిది కాదు, నాకు ఇక్కడి నుంచి బాగానే కనిపిస్తోంది అని, హోటల్ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని ఆ మంచు వైపే చూస్తూ గడిపారు. నీళ్ల సీసా కూడా నా చేత ఎత్తనివ్వలేదు.

తిరిగి వచ్చిన మూడు వారాలకి అదీ పోయింది. ఆ మూడు వారాల్లో నేను కూరగాయల సంచి కూడా మోసి ఎరగను. మా వాళ్లు ఎంత జాగ్రత్తగా చూసుకున్నారో చెప్పలేను. మళ్లీ అదే ఆసుపత్రి, అలాంటిదే మంచం. మా అత్తగారు ఫ్లాస్కులో మిరియాల చారు తెచ్చారు. ఈసారి కాళ్ల దగ్గర నిలబడలేదు, పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు. నేను గోడ వైపు తిరిగి ఉన్నాను, ఈసారి ఏమంటారోనని.

"అప్పుడు కూడా నువ్వు ఎత్తినందుకు కాదమ్మా పోయింది," అన్నారు. "నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది."

నేను ఇటు తిరగలేకపోయాను. ఏడాదిగా బిగబట్టినదంతా ఆ తలగడలోకి ఏడ్చేశాను. ఆవిడ వీపు మీద చేయి వేసి, చారు చల్లారిపోయేదాకా అలాగే కూర్చున్నారు. ఆ తర్వాత బంధువుల్లో ఎవరు మామగారి కోటు సంగతి ఎత్తినా ఆవిడే అందుకుని, నేనే మరిచిపోయి దిగాను, ముసలిదాన్నయ్యాను కదా అనేవారు. నా పేరు ఒక్కరి దగ్గర కూడా రానివ్వలేదు. మరి రెండేళ్లకి మా అమ్మాయి పుట్టింది. దాన్ని మొట్టమొదట చేతుల్లోకి తీసుకున్నది ఆవిడే. ఆవిడ పోయి ఎనిమిదేళ్లవుతోంది.

ఇప్పుడు సామాను దానంతట అదే వెళ్తుంది, రైలు ఎక్కడ విడిపోతుందో ఫోన్ ముందే చెబుతుంది, మా ఆఫీసు అమ్మాయిలు మంచివార్తా చెప్పుకుంటారు, పోయిందన్న వార్తా చెప్పుకుని సెలవు పెట్టుకుంటారు. మా కాలంలో దాచుకుని మోసినదాంట్లో సగం వీళ్లకి లేదు, నాకు అది సంతోషమే. అయినా ఒక్క ఆలోచన మాత్రం ఈ మధ్య తరచుగా వస్తోంది. ఆ రోజు ధైర్యం చేసి ఆ పెట్టె ఎత్తి దించుకుని ఉంటే, కోటు దక్కేది, మా అత్తగారు అది తొడుక్కుని ఆ మంచులో నిలబడేవారు, మూడు వారాల తర్వాత జరగాల్సింది ఎలాగూ జరిగేది. అప్పుడు తప్పు ఆ పెట్టెదేనని ఆవిడా, నాదేనని నేనూ, ఒకే ఇంట్లో ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా బతికినన్నాళ్లూ నమ్మి ఉండేవాళ్లం.