వెనకాల సెంటరప్ప ఉంది

సెంటరప్ప పోయింది. ఆ పొద్దున్న నేను పలాసలో మా జీడిపప్పు కొట్టు తాళం తీస్తుంటే వాళ్ల తమ్ముడు ఫోన్ చేశాడు. "అప్పా, మా అప్ప ఇంక నేదు" అని ఒక్క ముక్క చెప్పి ఏడ్చేశాడు. కిడ్నీలు పాడై కొన్నేళ్లుగా డయాలసిస్ చేయించుకుంటోంది. ఉద్దానంలో ఆ మాట చెబితే ఎవరూ ఇంకేమీ అడగరు, వాళ్లింట్లోనూ అలాంటివాళ్లు ఒకరుంటారు. తెలిసిన చావే అయినా నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. మమ్మల్నందర్నీ అంత కాపు కాసిన మనిషిని మేమెవరమూ కాయలేకపోయామే అని. ఆ కోపం ఇంకా తగ్గలేదు. తగ్గాక రాద్దామంటే ఎప్పటికీ రాయలేను.

మా వైపు అక్కని అప్ప అంటాం. మా కాలేజీ ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టులో ఆమె సెంటర్, అంటే రింగు కింద నిలబడే మనిషి. అందుకే సెంటరప్ప. సముద్రం ఒడ్డు ఊరు, చేపలు పట్టే ఇల్లు. ఏ గుమ్మంలోకైనా తల వంచి రావలసినంత పొడుగు. జుట్టుని వల తాడుతో బిగించి కట్టేది. రిబ్బను ఇస్తే "ఇది రెండు గెంతులకే ఊడిపోద్దే" అని తిరిగిచ్చేసేది. ఆట మొదలయ్యే ముందు రింగు స్తంభాన్ని అరచేత్తో తట్టేది, పాలిచ్చే గేదెని తట్టినట్టు.

బంతి వెయ్యడం మాత్రం ఆమెకి రాదు. చనిపోయింది కదా అని అబద్ధం ఎందుకు రాయాలి? ఆమె వేసిన బంతి బోర్డుకి కొట్టుకుని ఎటు పోతుందో దేవుడికే తెలియదు. "అప్పా, నీ బంతి నౌపడ ఉప్పు మడుల్లో పడిందట, పోయి తెచ్చుకో" అని ఏడిపించేదాన్ని. అందరికంటే గట్టిగా ఆమే నవ్వేది. మా సారు కూడా మొదటి రోజే తేల్చేశారు: "నువ్వు రింగు కింద ఉండమ్మా. అవతలోళ్లని వెయ్యనివ్వకు. బంతి దొరికితే చిన్నదానికిచ్చెయ్." ఆ చిన్నదాన్ని నేనే. మేం బంతి వెయ్యబోయేటప్పుడు ఆమె పని అడ్డుగా నిలబడి నాకు దారి చెయ్యడమే.

అవతలివాళ్లు బంతి వెయ్యగానే మేం మిగతా నలుగురం ముందుకి పరుగెత్తేవాళ్లం. అది పడిందా, తప్పిందా అని చూసేవాళ్లం కాదు. తప్పితే రింగు దగ్గర దాన్ని ఆమె పట్టుకుంటుంది, మా తలల మీదుగా విసురుతుంది, మా చేతుల్లో వచ్చి పడుతుంది. "ఎనక్కి సూడకండే, నానున్నాను" అనేది. నిజంగానే ఎప్పుడూ చూడలేదు.

కాలేజీల పోటీల్లో టెక్కలిలో ఫైనల్ ఆట వచ్చింది. ముందురోజు బస్సులో సెంటరప్ప కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నేను వదలకుండా అడిగాను. చివరికి బయటపెట్టింది. ఊళ్లో వాళ్ల అయ్యని వెక్కిరిస్తున్నారట, మీ ఆడగుంట ఊళ్లు తిరిగి ఆడుతుంది గానీ ఒక్క బంతీ వెయ్యదట కదా అని. ఆయన అన్నాడట: "రేపు నాను వత్తాను. నా కళ్ల ముందు ఒక్క బంతి ఎయ్యి, నీ సదువూ ఆటా నీవి. నేదంటే ఇంటికొచ్చీ." ఇంటికి వెళ్తే మావ కొడుకుతో పెళ్లి. ఆయన మాటంటే మాటే.

ఆయన వచ్చాడు. తలకి తువ్వాలు చుట్టి, కోర్టు పక్క గోడ దగ్గర ఒక్కడే నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

మేం నలుగురం ఆమెకి చెప్పకుండా ఒక మాట అనుకున్నాం. బంతి ఎవరికి వచ్చినా అప్పకే ఇద్దాం, ఏదో ఒకటి పడకపోతుందా! ఇచ్చాం. తప్పింది. మళ్లీ ఇచ్చాం, మళ్లీ తప్పింది. ఆమె అటు చివర ఉన్నప్పుడల్లా ఇటు మా రింగు ఖాళీ. అవతలి జట్టులో బాగా ఆడే పిల్ల ఒకతె ఉంది, ఆ పిల్ల పరుగున వచ్చి వేసుకుపోతోంది. సగం ఆట అయ్యేసరికి మేం బాగా వెనకబడిపోయాం.

విరామంలో సెంటరప్ప నా జబ్బ పట్టుకుని పక్కకి లాక్కుపోయింది. "ఏటే, ఏటి సేత్తన్నారు మీరు? నాకు ముష్టేత్తన్నారా?"

"అది కాదప్పా, మీ అయ్య..."

"మా అయ్య సంగతి నాను సూసుకుంటాను. నువ్వు ఆట ఆడు. నాకు బంతిచ్చేవంటే తంతాను."

ఆడాం. ఒక్కొక్క పాయింటే లాక్కుని, ఆఖరి నిమిషంలో ఒక్క పాయింటు ముందుకొచ్చాం. అప్పుడు మావాళ్లు వేసిన బంతి తప్పి, తిన్నగా సెంటరప్ప చేతుల్లో పడింది. అవతలి రింగు కిందే ఉంది. ఎదురుగా ఎవరూ లేరు. "ఎయ్యప్పా! ఎయ్యి!" అని మా వాళ్లంతా అరుస్తున్నారు. గోడ దగ్గర వాళ్ల అయ్య తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆమె ఆయన వైపు చూసింది. నేను చూశాను, ఆమె చూడటం.

ఆమె బంతి నాకు విసిరేసి, వెనక్కి, మా రింగు కిందకి పరుగెత్తింది.

నేను పట్టుకున్నానో లేదో, అవతలి జట్టులోని ఆ పిల్ల నా చేతిలోంచి బంతి లాగేసి దూసుకుపోయింది. నేను అక్కడే ఉండిపోయాను. కానీ సెంటరప్ప అప్పటికే అక్కడుంది. ఎగరలేదు, తొయ్యలేదు, రెండు చేతులూ ఎత్తి నిలబడింది. ఆ పిల్ల వేసిన బంతి ఆమె వేళ్లకి తగిలి కింద పడింది. దాన్ని పొట్టకి అదుముకుని నేల మీద కూర్చుండిపోయింది. విజిల్ మోగింది.

మేం గెంతుతుంటే ఆమె లేచి గోడ దగ్గరికి వెళ్లింది. నేనూ వెనకాలే వెళ్లాను. ఆయనతో అంది: "ఎయ్యనేదయ్యా."

ఆయన నావైపు తిరిగి అడిగాడు: "అమ్మా, ఈ గుంట ఎనక్కి ఎల్లకపోతే ఏటయ్యేది?"

"ఓడిపోయేవాళ్లం."

ఒడ్డు మీద అందరూ పెద్ద వల లాగుతుంటే, ఆయన నీళ్లలో వల నోటి దగ్గర నిలబడి, చేపలు బయటికి పోకుండా అదిలిస్తాడట. తువ్వాలు మళ్లీ తలకి చుట్టుకుంటూ అన్నాడు: "వల నోటికాడ నాను ఒక్క సేపనీ పట్టను. నాను నేకపోతే ఒడ్డుకి ఒక్క సేపా రాదు. ఊరోలకి నాను సెప్తాను. నువ్వు ఆడుకో." ఓలమ్మో, అప్పుడు ఏడ్చింది సెంటరప్ప, ముక్కు చీదుకుంటూ, చంటిపిల్లలాగా!

తరవాత మందసలో ఒక బడిలో ఆటల టీచరైంది. నేను అత్తారింట్లో నోరెత్తితే నావైపు నిలబడిందీ ఆమే, మా పాప కాన్పుకి ఆస్పత్రి గుమ్మంలో రాత్రంతా కూర్చుందీ ఆమే. పోవడానికి కొద్ది రోజుల ముందు డయాలసిస్ మంచం మీద పడుకుని అడిగింది. "ఒలే, ఇన్నాళ్లూ మీ ఎనకాల నానున్నాను. నా ఎనకాల ఎవులున్నారే?"

"మేం లేమా అప్పా?"

"మీరా! మీకు ముందుకి పరిగెట్టడమే గదే వచ్చు" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

పెద్దకర్మ నుంచి తిరిగొస్తూ మేం నలుగురం పలాసలో మా పాత కోర్టు దగ్గర ఆగాం. సాయంత్రం. కాలేజీ పిల్లలు ఆడుతున్నారు. మేమూ మీతో ఆడతామంటే నవ్వుతూ రమ్మన్నారు. చీరలు దోపుకున్నాం. వాళ్లలో ఒక పిల్ల బంతి వేసింది. అది రింగుకి తగిలి పైకి లేచింది. అంతే, మేం నలుగురం ఒక్కసారిగా ముందుకి పరుగు తీశాం. సగం కోర్టు దాటి, చేతులు చాపాం.

వెనకాల బంతి నేల మీద పడిన చప్పుడు వినిపించింది. మళ్లీ ఒకసారి, ఇంకాస్త చిన్నగా. మాలో ఎవరమూ వెనక్కి చూడలేదు.